రాణిగారి విచారణ, నా ప్రొబేషను

ఆ రోజుల్లో మాకు భయపడడానికి తీరిక ఎక్కువ ఉండేదనుకుంటాను. ఇప్పటి నర్సు పిల్లలు దేనికీ జంకరు, వార్డు ఇన్‌ఛార్జి ఎదురొచ్చినా చెవిలోంచి పాట తీయరు. మేమలా కాదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, నర్సింగ్ సర్టిఫికెట్లూ ఆవకాయ సీసా పట్టుకుని నరసాపురం నుంచి ఢిల్లీలో దిగిన నేను లిఫ్టుకి భయపడేదాన్ని, చలికి భయపడేదాన్ని, ఆటో అతన్ని "భయ్యా, కిత్నా?" అని చార్జీ ఎంతో అడగడానికి కూడా ముందు మనసులో రిహార్సల్ వేసుకునేదాన్ని. ఇవన్నీ ఒక ఎత్తు, మా ఐసీయూ హెడ్ సిస్టర్ ఒక్కరే ఒక ఎత్తు. గుంటూరు వైపు మనిషి. గంజి పెట్టిన తెల్లచీర, నలగని మొహం. ఆవిడ వార్డులో అడుగు పెడితే జ్వరం రోగులకి దిగి మాకు ఎక్కేది. అందుకే చాటుగా టెంపరేచరమ్మ అని పిలుచుకునేవాళ్లం (చాటుగా అంటే హాస్టల్ మేడ మీద, అదీ తలుపు గడియ వేసి). ఆ నెలాఖరుకి నా ప్రొబేషను అయిపోతుంది. నన్ను ఉంచాలో ఇంటికి పంపాలో తేల్చేది ఆవిడ మాటే. "చేతులు వణికే పిల్లలు నా ఐసీయూకి ఎందుకమ్మా?" అని అప్పటికే ఒకసారి అందరి ముందూ అనేశారు. మా నాన్నేమో మా అమ్మాయి ఢిల్లీలో పర్మనెంటు అయిపోయిందని వీధంతా చాటుకున్నాడు. నా తిండీ నిద్రా ఆ నెల ఎటు పోయాయో నాకే తెలియదు.

సరిగ్గా ఆ నెలలోనే మా తెలుగు చర్చి సంఘం స్త్రీల వార్షికోత్సవం వచ్చింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకునేవాళ్లం. సగం మంది నర్సులం, మా హెడ్ సిస్టరూ అక్కడికే వచ్చేవారు, మిగతావాళ్లు ఫరీదాబాద్ నుంచీ ఇంకా ఎక్కడెక్కడి నుంచో బస్సుల్లో వచ్చే కుటుంబాలు. పెళ్లికి ముందు సోషల్ టీచరుగా పనిచేసిన మా పాస్టరమ్మగారు ఆ ఏడు పట్టు పట్టారు. "ఎప్పుడూ బైబిలు వాక్యంలో రాణులేనా? ఈసారి కిరీటం పోగొట్టుకున్న రాణి నాటకం వేద్దాం" అని మమ్మల్ని కూర్చోబెట్టి, ఫ్రాన్సు రాణి మేరీ ఆంట్వానెట్ కథ చెప్పారు. పద్నాలుగేళ్లకే ఆస్ట్రియా నుంచి పెళ్లికూతురై వచ్చిందట. సరిహద్దు దగ్గర పుట్టింటి బట్టలు విప్పించి, పెంపుడు కుక్కపిల్లని కూడా వెనక్కి పంపి, ఫ్రెంచి బట్టలు తొడిగారట. పందొమ్మిదేళ్లు నిండకుండా రాణి అయ్యిందట. జనం రొట్టెల్లేక అల్లాడుతుంటే కేకు తినమందని లోకమంతా ఆడిపోసుకుంటుందే, అసలు ఆ మాట ఆవిడ అన్నదనడానికి రుజువే లేదట. చివరికి విప్లవంలో మొగుణ్ణి చంపారు, కొడుకుని లాక్కున్నారు, ఆవిడని విచారించి తల తీశారు.  ఇంటి నుంచి కుక్కపిల్లని కూడా తెచ్చుకోనివ్వలేదన్న దగ్గరే నాకు ఏడుపొచ్చింది (ఢిల్లీకి వచ్చేటప్పుడు నేనూ మా పిల్లిని వదిలేసి వచ్చాను మరి).

తీరా వేషాలు పంచబోతే రాణి వేషం ఎవరికీ వద్దు. ఎస్టీడీ బూత్‌ల నుంచి ఇళ్లకు ఫోన్లు వెళ్లాయి. "శుభమా అని ఉద్యోగానికి వెళ్లి తల తీయించుకుంటావటే?" అని అమ్మలందరూ ఒకటే తిట్లు. అందరం నేల చూపులు చూస్తుంటే వెనక వరసలోంచి హెడ్ సిస్టర్ లేచి, "ఆ రాణి నేను వేస్తాను, అమ్మగారూ" అన్నారు. ఆ తర్వాత మిగతా నర్సులని జడ్జీలుగా పెట్టి, తీర్పు చెప్పే న్యాయాధిపతి వేషానికి చీట్లు వేశారు. నా పేరే వచ్చింది! నా ఉద్యోగాన్ని నిలబెట్టాల్సిన మనిషికి నేను మరణశిక్ష వేయాలి. 

రిహార్సల్స్‌లో ఆవిడ డైలాగులన్నీ డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల వివరాలు అప్పజెప్పినట్టు గడగడా అప్పజెప్పేవారు. పరవాలేదులే, తేలిగ్గానే గట్టెక్కుతాం అనుకున్నాం. ఇక ఫరీదాబాద్ ఫ్యాక్టరీలో పనిచేసే అంకుల్ ఒకాయన థర్మాకోల్‌తో తల తీసే యంత్రం తయారుచేశాడు. తాడు వదిలితే కత్తి నిజంగానే సర్రున జారేది. దానికి వెండిరంగు కూడా వేసి, పసిబిడ్డని చూపించినట్టు అందరికీ చూపించాడు.

ఆ రోజు రానే వచ్చింది. చర్చిలో పాటలు పాడేవాళ్ల కోయిర్ గౌన్లు తొడుక్కుని మేం జడ్జీలం టేబుల్ వెనక దర్జాగా కూర్చున్నాం. తెర పక్కనుంచి రాణి వచ్చింది. అమ్మో! ఆవిడ ఆ రోజు కోసం జుట్టుకి రంగు వేసుకోవడమే మానేశారు. తలంతా తెల్లగా విరబోసుకుని, ఆపరేషన్ థియేటర్ గౌను వేసుకుని, క్రేప్ బ్యాండేజీతో కట్టిన చేతులతో, మెల్లగా, తల పైకెత్తి నడిచి వస్తున్నారు. వార్డులో చూసే మనిషి కాదు. ఒక దేశాన్ని పోగొట్టుకున్న మనిషి. మాకు ఒళ్లు జలదరించింది. జలదరించడంతో ఊరుకుంటే బాగుండేది. మేమంతా నర్సులమాయె, ఇన్‌ఛార్జి గదిలోకి వస్తే లేచి నిలబడడం మా ఎముకల్లో ఉంది. విప్లవ న్యాయస్థానం మొత్తం ఒక్కసారిగా లేచి, చేతులు వెనక్కి కట్టుకుని అటెన్షన్‌లో నిలబడింది. చివరి జడ్జి అయితే "గుడాఫ్టర్నూన్ సిస్టర్" అని కూడా అంది. హాలు గొల్లుమంది.

రాణి పెదవి కదపకుండా, "కూర్చోండే, నేను ఖైదీని" అంది. కూర్చున్నాం.

విచారణ మొదలైంది. కాగితం మీద రాసుకున్న నేరాలు నేను చదివాను. అప్పుడు ఆవిడ నా వైపు కాకుండా జనం వైపు తిరిగారు. కన్నకొడుకుని తనే చెడగొట్టిందని తన మీద మోపిన నిందకి ఆ రాణి కోర్టులో ఉన్న తల్లులనే సాక్ష్యం అడిగిందట, ఆ ఘట్టం. "ఇక్కడ కూర్చున్న ప్రతి తల్లినీ అడుగుతున్నాను. ఒక తల్లి మీద ఇలాంటి మాట నమ్ముతారా?" అన్నారు. అప్పజెప్పడం లేదిప్పుడు. పెళ్లీ పిల్లలూ లేని ఆ మనిషి గొంతులోకి అంత తల్లితనం ఎక్కడ నుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి. ముందు వరసలో ఆంటీలందరూ కొంగులు కళ్లకి అద్దుకున్నారు. నా ముందున్న కాగితం మసకైపోయింది. లేచి నిలబడ్డాను. "ఈవిడ... ఈవిడ ఏ తప్పూ చేయలేదండి. వదిలేయండి" అన్నాను.

 హాలంతా చప్పట్లే చప్పట్లు. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన మన పిల్లలు ముందు చాప మీంచి లేచి, "అరే, రానీ బచ్ గయీ!" అంటూ, రాణి బతికిపోయిందని ఎగిరారు. పాస్టరమ్మగారు తెర పక్కన నెత్తి కొట్టుకుంటున్నారు. యంత్రం దగ్గర తాడు పట్టుకున్న అంకుల్, "అమ్మాయ్, మరి నా మెషీనో?" అన్నాడు ఏడుపు గొంతుతో.

ఆవిడ నాటకం పాడుచేశాను, ఇక నా ఉద్యోగం ఆ చప్పట్లలోనే కొట్టుకుపోయిందని నాకు అర్థమైంది. హెడ్ సిస్టర్ నా టేబుల్ దగ్గరకి వచ్చారు. అంతా సద్దుమణిగే దాకా ఆగి, అందరికీ వినబడేలా, "న్యాయాధిపతీ, నువ్వు జాలిపడితే ఫ్రాన్సు జాలిపడదు. నా దారి నాకు తెలుసు" అన్నారు. రాసిన డైలాగు కాదది. అలా అని, ఎవరూ తీసుకెళ్లకుండానే, తనంతట తాను ఆ థర్మాకోల్ యంత్రం వైపు నడిచారు. దారిలో తలారిగా తాడు పట్టుకున్న అంకుల్ కాలు తొక్కి, "క్షమించండి, కావాలని చేయలేదు" అన్నారు. ఆ రాణి చివరి క్షణాల్లో అన్న మాట అదేనని చెబుతారు. కత్తి సర్రున జారింది. ఎవ్వరూ నవ్వలేదు.  దండం పెట్టాలనిపించిన చావు నేను చూసింది అదొక్కటే.

మర్నాడు డ్యూటీలో కబురొచ్చింది. ఆవిడ గదిలోకి వెళ్లి నిలబడ్డాను.

"నిన్న నన్నెందుకు వదిలేశావు? నాకు భయపడా?"

"కాదండి. నాటకమన్న సంగతే మర్చిపోయానండి. ఆవిడ మీద రాసిందంతా అబద్ధమనిపించిందండి."

"శిక్ష ఆర్డర్ కాగితం నీ చేతిలోనే ఉంది కదా?"

"ఉందండి. కానీ చంపమని ఎలా చెప్పనండి?"

ఆవిడ నా ప్రొబేషను ఫైలు దగ్గరకి లాక్కున్నారు. "ఠీక్ హై" అన్నారు సంతకం పెడుతూ. "మందుల ఆర్డర్ మాత్రం తు.చ. తప్పకూడదు, ఆఁ? ఇక్కడే ఉండు. ఎవరు చెప్పినా మనిషి ప్రాణాన్ని వదిలేయని పిల్లలు నాకు కావాలి." తలుపు దాకా వెళ్లాక వెనకనుంచి, "ఎక్కువ సంబరపడకు. టెంపరేచరమ్మ ఇంకా రిటైరవలేదు" అన్నారు. నా ప్రాణం పైకి పోయి కిందకి వచ్చింది.

ఇప్పుడు నాకూ తల నెరిసింది, ఎన్ని ప్రాణాలు కళ్లముందే జారిపోయాయో లెక్కపెట్టుకోవడం మానేశాను. ఐనా అప్పుడప్పుడు ఒకప్పటి నేనైన ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. రాజులూ సైన్యాలూ కాపాడలేకపోయిన రాణిని, ఉద్యోగం సంగతి కూడా మరిచిపోయి, స్కూలు హాల్లో నిలబడి ఒక నిమిషం బతికించింది. ఇప్పుడైతే నేను కాగితం మీదున్నది ఉన్నట్టు చదివేసేదాన్నేమో.