ఎండిన చప్పుడు

ధూల్‌పేట్‌లో మట్టి వినాయకులను చేసే ఆ అవ్వకు ఒక అలవాటు ఉండేది. బొమ్మ ఎండిందో లేదో వేలి కణుపుతో కొట్టి, చెవి ఒగ్గి వినేది. ఆపరేషన్ చేసి ఆమె మోకీలు మార్చిన మర్నాడు, కాలికి వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టుగా నేను వార్డులోకి వెళ్లేసరికి, కట్టు మీద కూడా అలాగే కొట్టి చూసుకుంటోంది.

"నొప్పే లేదు బిడ్డా. మంచిగ చేసిండ్రు. పండుగకు మల్ల పనిల కూసుంట," అంది.

అదంతా నరానికిచ్చిన మత్తు సూది చలవ. రేపటికి అది దిగిపోతుందని, అసలు నొప్పి అప్పుడు మొదలవుతుందని, అయినా కాలు వంచాల్సిందేనని నేను చెప్పాలి. అంత సంబరంగా ఉన్న ముఖం చూసి, రేపు చెబుదాంలే అనుకున్నాను.

మర్నాడు కాలు వంచబోతే అవ్వ నా చెయ్యి తోసేసింది. "నిన్న మంచిగనే ఉండె. నువ్వు ముట్టినంకనే ఖరాబైంది."

తర్వాత ఎంత చెప్పినా నమ్మలేదు. ఇంటికెళ్లాక కూడా, కదిలిస్తే ఇంకా పాడవుతుందని కాలు దిండు మీద చాపి, దుప్పటి చుట్టి పెట్టుకుంది. కోడలు బతిమాలినా వంచలేదు.

మూడు నెలలకు చూడబోయాను. అవ్వ కుర్చీలో కాలు చాపుకొని ఉంది. ఎదురుగా నేల మీద కోడలు మట్టి పిసుకుతోంది.

"ఇప్పుడైనా కొంచెం వంచుదామా అవ్వా?" అన్నాను.

అవ్వ మోకాలి మీద వేలి కణుపుతో కొట్టి, తల వంచి విన్నది.

"ఎండింది బిడ్డా, ఇగ వంగది. పచ్చిగ ఉన్నప్పుడే చెప్పకపోతివి."