పురుగు ప్రోటీనూ, ఇంద్రసభ పొగా

గత వారం నాకు జరిగిన అన్యాయాలు:
సోమవారం: మా ఆవిడ ఫ్రిజ్‌లోని ఐసు గిన్నె దాచేసింది. ఎవరికైనా ఇచ్చేస్తానట!
మంగళవారం: ఫిల్మ్‌నగర్ టీ దుకాణంలో ఎవరో "స్వర్గం సార్ వచ్చిండు" అన్నారు.
బుధవారం: మేనకోడలు శైలజ ఫోన్‌లో నా గొంతు వినగానే నవ్వి పెట్టేసింది.

వీటన్నిటికీ మూలమైన ఘోరాన్ని ఇప్పుడు విన్నవిస్తాను. నవ్వదలచినవారు ముందే నవ్వేసి, తరువాత బుద్ధిగా చదవగలరు.

కిందటేడు సంగతి. అప్పటికే నేను సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజర్ పనిని విరమించాను. గర్వాన్ని మాత్రం విరమించలేదు. అట్టతో కిరీటం, దూదితో హిమాలయం చేయించిన చేతులివి. లేనిదానికి బదులొకటి చూపించడమే మా వృత్తిధర్మం.

శైలజ పరిశోధక విద్యార్థిని. మట్టిలో బతికే ఒక నులిపురుగు జన్యువును బాక్టీరియాలో పెట్టి తయారుచేసిన ప్రోటీన్ ఆమెకు వేరే ప్రయోగశాల నుంచి రావాలి. ఆర్‌ఎన్‌ఏ సందేశంలో అక్షరాలను అదెలా మారుస్తుందో చూడటమే ఆమె సిద్ధాంత వ్యాసానికి మిగిలిన చివరి ప్రయోగం. పార్సిల్ వచ్చే రోజు ల్యాబ్‌కు సెలవు కాబట్టి, దాన్ని జూబ్లీ హిల్స్‌లోని మా ఇంటికి రప్పించింది.

"మామయ్యా, మూత తీయకండి. సాయంత్రం వచ్చి తీసుకెళ్తాను. అది ఐసులోనే ఉండాలి."

"ఐసు సంగతి నాకే చెబుతావటమ్మా?"

పార్సిల్ అలా వచ్చిందో లేదో, పక్క బంగళాలో షూటింగ్ నడుపుతున్న యాదగిరి ఇలా వచ్చాడు. ఒకప్పుడు నా దగ్గరే పని నేర్చినవాడు.

"సార్, ఇంద్రసభ షాట్ ఆగింది. పొగ ఐసు ఒడిసింది. డైరెక్టర్ నన్ను తింటుండు. గా డబ్బా అంచుల నుంచి పొగ వస్తున్నది గదా, జర ఇయ్యుండ్రి!"

"అది శాస్త్రానికి సంబంధించిన ఐసయ్యా!"

"స్వర్గం కన్నా శాస్త్రం ఎక్కువా సార్? మీరున్నప్పుడు ఎన్నడన్న గిట్ల షూటింగ్ ఆగిందా?"

ఆ మాటకు ఐసుకన్నా ముందు నేను కరిగాను. డ్రై ఐస్ అనే ఆ పొగ ఐసంతా ఇచ్చేసి, ముట్టినట్టు సంతకం కూడా తీసుకున్నాను. పద్ధతి తప్పే మనిషిని కాను. లోపల ప్రోటీన్ ఉన్న చిన్న గొట్టాల చుట్టూ మా ఫ్రిజ్‌లోని మామూలు ఐసు ముక్కలు పేర్చి మూత పెట్టాను. ఐసుకు ఐసు, చెల్లుకు చెల్లు! పొమ్మనలేక పొగపెట్టడం లోకరీతి. పొగ కోసం ఉన్నది పోగొట్టడం నా రీతి.

సాయంత్రం శైలజ మూత తీసేసరికి గొట్టాలు ఈత కొడుతున్నాయి.

"మామయ్యా... ఇందులో ఐసేదీ?"

"అదేనమ్మా, కాస్త కరిగింది."

"మీరు వేసింది మామూలు ఐసు! ప్రోటీన్ చెడిపోయుంటుంది. నా ప్రయోగం పోయినట్టే."

"తొందరపడకు. పురుగు గట్టిదే అయ్యుంటుంది."

"ఇందులో పురుగు లేదు మామయ్యా!"

"మరి పొద్దుటి నుంచీ చలికి వణుకుతోందని నేను జాలిపడింది ఎవరిమీద?"

శైలజ నవ్వలేదు. కళ్లు తుడుచుకుంది. నా బడాయి అంతటితో గడ్డకట్టింది. ఆ ప్రయోగశాలవారు దయతలచి మళ్లీ పంపేదాకా నాకు ముద్ద దిగలేదు. రెండో పార్సిల్ వచ్చినప్పుడు దాని ముందు ద్వారపాలకుడిలా కూర్చున్నాను. ప్రయోగం ఫలించింది. శైలజ డాక్టరయింది.

గత ఆదివారం అందరం ఆ సినిమాకు వెళ్లాం, నా త్యాగాన్ని తెరపై చూద్దామని. ఇంద్రసభ రాలేదు! యాదగిరికి ఫోన్ చేశాను.

"తీసేసిండ్రు సార్. మీ ఐసు మస్తు పొగ ఇచ్చింది. అండ్ల ఇంద్రుడే కనబడలే!"

కావున, అడిగినవాడు సాక్షాత్తూ దేవేంద్రుడే అయినా, ఒకరి ఐసు మరొకరికి ఇవ్వనని ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. దర్శకులవారు మాత్రం, నా మేనకోడలి ప్రోటీన్‌ను బలిగొన్న షాట్‌ను ఎందుకు తొలగించారో నాకు లిఖితపూర్వకంగా సమాధానమివ్వాలి. ఐసు నాణ్యతకు వంకపెడితే ఒప్పుకోను. సంతకం నా దగ్గరుంది.