వీపు మీద ఖో

మొన్న రుద్రారం దగ్గర ఒక బడి ప్రహరీ పక్కగా పోతుంటే లోపలి నుంచి "ఖో!" అని కేక, ఆ వెంటనే వీపు మీద అరచేయి పడిన చప్పుడు. స్కూటీ ఆపేశాను. పత్రికాఫీసుకు వార్త పంపాలన్న సంగతి మరచిపోయి, గోడ మీదుగా మెడ చాచి చూస్తూ నిలబడ్డాను. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నాకు విమలా టీచర్ కనిపిస్తారు, కాళ్లు పరుగుకు సిద్ధమైపోతాయి.

తొంభైలలో పటాన్‌చెరు పక్కనున్న మా ఊరి హైస్కూల్లో ఆమె డ్రిల్ టీచర్. చీర కింద తెల్ల క్యాన్వాస్ బూట్లు, మెడలో విజిల్. నేను తొమ్మిదో తరగతి. ఇప్పుడు నేను రమణిని, అప్పుడు అందరికీ రమణ అనే అబ్బాయిని. ఆడపిల్లనన్న సంగతి నాకొక్కదానికే తెలుసు. నా నడక చూసి మా ఖోఖో జట్టు కెప్టెన్ యాదగిరి "ఏమే రమణమ్మా, గాజులేడ పెట్టినవే?" అనేవాడు. వరసంతా గొల్లున నవ్వేది. ఇక బడికి పోనని ఇంట్లో చెప్పేశాను. మా నాయన తన కంపెనీలోనే వచ్చే నెల నుంచి నాకు ప్యాకింగ్ పని ఇమ్మని మేస్త్రీతో మాట్లాడి వచ్చాడు.

అంతకుముందే నా ఉరుకుడు చూసి టీచర్ నన్ను ఖోఖో జట్టులో వేశారు. ఆ ఆటలో వరసగా కూర్చున్నవాళ్లు, తరిమేవాడు వెనక నుంచి వీపు తట్టి ఖో అంటేనే లేవాలి. నా వీపు ఎవరూ తట్టేవారు కాదు. అవతలి పిల్లవాడు నా ముక్కు ముందు నుంచే పరుగెత్తినా, యాదగిరి నన్ను దాటిపోయి ఇంకొకరిని లేపేవాడు. ఆట ముగిసేదాకా కూర్చున్న చోటే మట్టిని చూస్తూ ఉండేదాన్ని.

ఒక సాయంత్రం టీచర్ నన్ను పక్కకు పిలిచారు.

"రమణమ్మా అంటే కోపమొస్తదా బిడ్డా?"

"పేరుకు రాదు టీచర్. నవ్వుకు వస్తది."

"అట్లనా? ఇగ నవ్వు సంగతి సూద్దాం."

కొంగు నడుముకు చుట్టి ఆమే బరిలోకి దిగారు! ధూళి లేపుతూ వచ్చి నా వీపు మీద ఫట్‌మని చరిచారు. "ఖో! లే, ఉరుకు!" లేచి ఉరికాను. మళ్లీ కూర్చోబెట్టి మళ్లీ చరిచారు. ఊపిరాడక ఇద్దరం నవ్వుతున్నాం. అప్పుడు విజిల్ వేసి అందరితో అన్నారు: "ఈ వీపు ముట్టనోళ్లు నా టీముల వద్దు. పొండ్రి."

యాదగిరి లేచి వెళ్లిపోయాడు. సంగారెడ్డిలో పోటీలు దగ్గర పడ్డాయి. హెడ్మాస్టరు గారు పరేషానై వచ్చారు. "వాడు లేకుంటే ఓడిపోతం గద మేడమ్!"

"ఓడిపోదాం సార్. ఏమైతది?"

నా కోసం ఒకరు ఓడిపోవడానికి కూడా సిద్ధపడటం నా ఎరుకలో అదే మొదలు. ఆ రాత్రి మా నాయనతో, పోటీలయ్యేదాకా ఆగమన్నాను.

పోటీ రోజు పొద్దున బస్టాండులో యాదగిరి నిలబడి ఉన్నాడు, బూట్లు చేత పట్టుకుని. టీచర్ "ఎక్కు" అన్నారు, అంతే. ఆట చివరలో అవతలి జట్టు చురుకైన కుర్రాడు మా మధ్య నుంచి దూరి నా ముందుకొచ్చాడు. యాదగిరి నా వెనకే ఉన్నాడు. వాడి రొప్పు వినిపిస్తోంది. దాటిపోతాడనుకున్నాను. ఫట్! "ఖో!" వీపు భగ్గున మండింది. బాణంలా లేచాను, మలుపు దగ్గర దూకాను, ఆ కుర్రాడి చొక్కా కొస నా వేళ్లకు తగిలింది. "అవుట్!" మైదానమంతా కేకలు. "ఏం దుంకినవ్ రమణా!" అని అందరికంటే పెద్దగా అరిచింది యాదగిరే.

అయినా ఒక్క పాయింటుతో ఓడిపోయాం. టీచర్ అందరికీ మిర్చి బజ్జీలు తినిపించారు. "ఓడిపోదాం అన్న గదా, మాట నిలవెట్టిన్రు!" ఈసారి వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికెళ్లి మా నాయనతో చెప్పాను: "ప్యాకింగుకు నేను పోను. బడికే పోత."

తర్వాత ఎన్నో గదుల్లోకి వెళ్లాను, మైకు పట్టుకుని, పెన్ను పట్టుకుని. నేను అడుగు పెట్టగానే వెనక నవ్వులు వినిపించిన గదులూ ఉన్నాయి. అప్పుడు నా వీపు మీద ఒక అరచేయి చురుక్కుమంటుంది. ముందుకే నడుస్తాను.

రుద్రారం గోడ అవతల, వరస చివర కూర్చున్న పిల్ల వీపు మీద ఖో పడేదాకా నేను స్కూటీ ఎక్కలేదు.