పెళ్ళి ముహూర్తానికి తిరిగిన కంప్యూటరు

2023 వేసవి. అప్పట్లో రాజంపేటలో ఒక ఫోటో స్టూడియో కంప్యూటర్లు నేనే చూసేవాణ్ణి. ఓ శనివారం మధ్యాహ్నం యజమాని మస్తాన్ ఫోన్ చేశాడు. "అన్నా, డిస్కు తెరుచుకోవడంల్యా. పెండ్లి వీడియో అంతా దాంట్లోనే ఉండాది, తొందరగా రా." కెమెరా కార్డులు చెరిపేసి అప్పటికే ఇంకో పెళ్ళికి పంపేశాడట. మర్నాడు సాయంత్రం రిసెప్షన్‌లో వీడియో వేయాలి. వెంటనే కడప నుంచి బస్సెక్కాను.

వెళ్ళేసరికి పెళ్ళికూతురి నాన్న రెడ్డిగారు కంప్యూటరు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. కరెంటు పోయి వచ్చిందట. అలా వచ్చినప్పుడు సిస్టమ్ ముందు డిస్కును తనిఖీ చేసి, బాగుందనుకుంటేనే మళ్ళీ తెరుస్తుంది. దాన్నే మేం రీమౌంట్ అంటాం. ఈసారి తనిఖీ మధ్యలో ఆగిపోయి, ఎన్నడూ చూడని హెచ్చరిక వచ్చింది. చివరిసారి డిస్కు తెరిచిన సమయం భవిష్యత్తులో ఉందట! డిస్కు పోయిందనే అనుకున్నాను. కేబుల్ మార్చాను, మళ్ళీ ప్రయత్నించాను. అదే మాట.

"ఏమప్పా, ఏమంటాండాది?" అన్నారు రెడ్డిగారు.

హెచ్చరిక పక్కనున్న తేదీలు అప్పుడు చూశాను. "నన్ను ఎల్లుండి తెరిచినారు గదా, ఈ పొద్దు మళ్ళా ఎట్ల తెరుస్తారు అంటాంది. మస్తాన్, దీంట్లో గురువారమేంది?"

మస్తాన్ రెడ్డిగారి వైపు చూశాడు. రెడ్డిగారు ఫ్యాను వైపు చూశారు.

"ఈ పొద్దు నవమి గదన్నా," అన్నాడు మస్తాన్ చివరికి. "బిడ్డ వీడియో నవమి నాడు మొదలుపెట్టొద్దని రెడ్డన్న పట్టు. రేపటికి కావాల్నంటాడు. ఏం చేసేది? కంప్యూటర్ను గురువారం పెండ్లి ముహూర్తానికి తిప్పినా."

"పనిచేసేది అదే గదా, దానికి టైము బాగుంటే చాలు," అన్నారు రెడ్డిగారు. "అయ్యగారు పెట్టిన ముహూర్తం కంటే మంచి టైము యాడుండాది?"

పొద్దున సరైన తేదీతో తెరిచిన డిస్కు పాపం, కరెంటు వచ్చాక గురువారం చూసి తికమకపడింది. నవ్వాలో తిట్టాలో తెలియలేదు గానీ పోయిన ప్రాణం తిరిగొచ్చింది. తేదీ సరిచేయబోతే రెడ్డిగారు కీబోర్డు మీద చెయ్యి పెట్టేశారు.

"నవమి పెడతావా?"

"పెట్టకుంటే తెరుచుకోదు రెడ్డిగారూ."

ఆయన మస్తాన్ వైపు తిరిగారు. "మస్తాన్, మొదలుపెట్టింది ముహూర్తంలోనే గదా?"

"అవున్రెడ్డన్నా. వీడియోలో పాప పేరు ముహూర్తంలోనే పడింది."

"అట్లయితే ఇప్పుడు చేసేది మొదలు కాదు, మిగతాది. కానీప్పా."

తేదీ మార్చి తనిఖీ మళ్ళీ నడిపాను. గొణుగుడు లేకుండా డిస్కు తెరుచుకుంది. తెర మీద కూతురు తలంబ్రాలు పోస్తూ నవ్వుతోంది. రెడ్డిగారు కండువాతో కళ్ళు ఒత్తుకుని, "చూసినావా? మంచి టైములో మొదలుపెట్టినాం కాబట్టే దక్కింది," అన్నారు. నాకు మాత్రం టీ చెప్పించారు.

హెచ్చరిక వస్తే మేం ముందు డిస్కునే అనుమానిస్తాం. ఆ రోజు ఆ గదిలో ఉన్నదున్నట్టు చెప్పింది అదొక్కటే. ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా కేబుల్ సంగతి తర్వాత, ముందు "ఈ పొద్దు తిథి ఏమి?" అని అడుగుతాను.