నిప్పు కనబడలేదు

నోళ్ళ డాక్టరు గారు పోయారని కార్డు వచ్చింది. మా హాలు మేనేజరు చదివి, నా చేతిలో పెట్టి, తన పనికి తాను వెళ్ళిపోయాడు. ఎలా పోయారో అందులో లేదు. ఎప్పుడూ నిలబడే గేటు దగ్గర నిన్న స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆయన్ని ఆ గేటు దగ్గర చూసినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు కాబట్టి ఇది రాస్తున్నాను. రాయడం నా పని కాదు. ఐదో తరగతితో చదువు వదిలేసి, అనకాపల్లి సినిమా హాలులో గేటు కాస్తున్నవాణ్ణి.

ఆయనది కర్నూలు వైపు. జనం చేత చుట్ట మాన్పించాలంటే ఏ రూలు పనిచేస్తుంది, ఏది చేయదు అన్నది ఆయన చదువు. మా హాల్లో ‘పొగ త్రాగరాదు’ అని బోర్డు పెట్టిన కొత్తలో వచ్చారు. రోజూ మ్యాట్నీకి వెనక గోడకు ఆనుకుని, చీకట్లో వెలిగే చుట్ట నిప్పులు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకునేవారు. ఒక్కనాడూ తెర వైపు చూడగా నేను చూడలేదు. నన్ను కూడా ‘మీరు’ అనేవారు. అంత మర్యాదగల మనిషిని ఏడిపించకుండా ఉండడం నా వల్ల కాదు.

మగాళ్ళ వైపు నిప్పులు వారం వారం తగ్గాయి. ఆడవాళ్ళ బెంచీల్లో మొదటి రోజు నుంచీ ఒక్కటీ లేదు.

“ఈ ఊరి ఆడవాళ్ళు చాలా క్రమశిక్షణ గలవాళ్ళండీ” అన్నారొకరోజు.

“మరేటనుకున్నారు డాక్టరు బాబూ, బోర్డు సూత్తే వణుకు మావోళ్ళకి” అన్నాను.

మన ఆడవాళ్ళది అడ్డపొగ. చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తారు. పొగ హాలంతా ఒకటే, ఎవరిదో ఎవరికి తెలుస్తుంది. మూడు వారాలు ఈ తమాషా నడిపాను. సోడా కొట్టు దగ్గర చెప్పి అందర్నీ నవ్వించాను.

ఒక సాయంత్రం ఆయన పెన్సిలు చెక్కుకుంటూ, “చుట్ట పుండ్లకు మగాళ్ళ నోళ్ళు చూస్తే చాలు, ఆడవాళ్ళవి చూడనక్కర్లేదని పై ఆఫీసుకు రాసేస్తున్నాను” అన్నారు. మా అమ్మదీ అడ్డపొగే. ఆ పొద్దునే అంగిట్లో మంటగా ఉందని పులుసు పక్కకు నెట్టి, మజ్జిగ పోసుకుని తింది. అది అప్పుడు గుర్తొచ్చింది. అంతా చెప్పేశాను.

తిడతారనుకున్నాను. ఆయన నోటుబుక్కు తెరిచి, ‘లేదు’ అని రాసిన చోటల్లా కొట్టేసి ‘కనబడలేదు’ అని దిద్దారు. మూడు వారాలవీ, ఒక్కొక్కటీ.

“మీది కొంటెతనం. తప్పు నాది. కనబడకపోతే కనబడలేదనే రాయాలి. అమ్మగారిని రేపు తీసుకురండి.”

మర్నాటి నుంచి మ్యాట్నీ వదిలాక గేటు దగ్గర టార్చిలైటుతో నిలబడ్డారు. నోరు తెరిచి చూపించినవాళ్ళకు చిన్న బెల్లంముక్క. తానూ ఒకటి బుగ్గన పెట్టుకునేవారు.

మా అమ్మ మొరాయించింది. “నా నోట్లో నిప్పు నాది. గవుర్మెంటోడికేటి?”

“గవర్నమెంటుకు వద్దమ్మా, మీవాడికి చూపించండి. నేను టార్చి పడతాను, అంతే.”

అమ్మ నోట్లోకి చూడడం నాకదే మొదలు. అంగిలంతా తెల్లబారి, మధ్యలో పుండు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి ఆయనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళారు. కోసి తీశారు. అమ్మ బతికింది. మాట కాస్త ముక్కుతో వస్తుంది. నేను ఇంకొన్నాళ్ళు నవ్వుతూ కూర్చుని ఉంటే ఏమయ్యేదో అడగకండి, నాకు ఓపిక లేదు.

నిన్న కార్డు సంగతి చెబితే అమ్మ మ్యాట్నీకి వచ్చింది. ఆట వదిలాక నేరుగా నా స్టూలు ముందుకొచ్చి, వంగి, నోరు బారుగా తెరిచింది. నా దగ్గర టార్చి లేదు. లోపలంతా చీకటి.

“ఏటైనా ఉందేట్రా?” అంది ముక్కుతో.

“కనబడ్లేదమ్మా.”

అమ్మ పక్కకు జరిగింది. వెనకావిడ ముందుకొచ్చి నోరు తెరిచింది.