ఏరిన నలుసులు

మా వదినది చేత్తో కాగితం చేసే కార్ఖానాలో పని. ఉడికించి దంచిన నార గుజ్జును నీళ్లతొట్టిలో కలిపి, అందులో మిగిలిపోయిన నల్ల బెరడు నలుసుల్ని వేళ్లతో ఏరేయాలి. ఇరవై ఏళ్లలో కళ్లద్దాలు నాలుగుసార్లు మారాయి. కాగితం మీద ఒక్క మచ్చ కనబడితే చాలు, యజమాని ఇంతెత్తున లేచేవాడు.

ఇవాళ ఆయనే గిన్నెడు బెరడు పొట్టు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

"ఇది గుజ్జులో చల్లమ్మా. మచ్చలుంటేనే చేత్తో చేసిన కాగితమని నమ్ముతున్నారు జనం."

"మరి ఇన్నేళ్లూ నా కళ్లెందుకు పాడుచేసుకున్నట్టు?" వదిన గయ్యిమంది. ఆయన నవ్వేసి వెళ్లిపోయాడు.

పళ్లు నూరుతూ పొట్టంతా తొట్టిలో కుమ్మరించింది. పక్క తొట్టి దగ్గర అదే పనిలో ఉన్న నేను కాసేపాగి తొంగిచూశాను. నోరు ఆయన్ని దులిపేస్తూనే ఉంది. వేళ్లు మాత్రం తను పోసిన నలుసుల్నే ఒక్కొక్కటిగా ఏరి పారేస్తున్నాయి.