మల్లెకు మర్యాద, కనకాంబరానికి క్రమశిక్షణ

నేనొక మల్లెచెట్టును ప్రేమతోనూ, ఒక కనకాంబరం మొక్కను క్రమశిక్షణతోనూ చెడగొట్టాను. రెండింటినీ ఒకే రెండు నెలల్లో, ఎవరి సాయమూ లేకుండా. ఆ పాపానికి నాకు పడిన శిక్షేమిటో చివర్లో చెబుతాను. ముందే చెప్పేస్తే మీరు నవ్వుకుని లేచిపోతారు, నా గోడు వినేవాళ్ళుండరు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది డోన్ పక్కన పల్లె. కర్నూలులో డ్రిప్పు పైపులమ్మే కంపెనీలో కొత్తగా ఉద్యోగం. పొద్దున లేస్తే, నాకు రెండింతల వయసున్న రైతులకు పైరుకు నీళ్ళెలా పెట్టాలో పాఠాలు చెప్పేవాణ్ణి. పాపం, పెద్దమనసుతో వినేవారు. దాంతో భూమ్మీద నీళ్ళ సంగతి తెలిసిన రెండో మనిషిని నేనేనన్న నమ్మకం కుదిరింది. మొదటివాడు భగీరథుడు.

ఇక నా జుట్టు. నుదుటి మీద అలలు అలలుగా పడేది. జేబులో ఎప్పుడూ దువ్వెన, బీరువాలో మూడు రకాల నూనెలు. దాని మీద నేను పెట్టిన శ్రద్ధ పొలం మీద పెట్టి ఉంటే మా నాయన సంతోషించేవాడు. ఈ జుట్టును కాస్త గుర్తుపెట్టుకోండి.

పెళ్ళికానివాడికి ఊళ్ళో ఎవరూ ఇల్లివ్వని రోజుల్లో ఓబుళమ్మవ్వ తన మిద్దె మీది గది ఇచ్చింది. కింద ఆమె ఉండేది. పెరట్లో గోడవార ఎండలో ఒక మల్లెచెట్టు, మునగచెట్టు నీడన కుండీలో ఒక కనకాంబరం. ఏటా ఫాల్గుణంలో అహోబిలం తిరునాళ్ళకు, ఆ రెండు చెట్ల పూలూ కలిపి తన చేత్తో కట్టిన దండ నరసింహస్వామికి ఇవ్వడం అవ్వ మొక్కు. ఆ ఇల్లు కట్టినప్పటి నుంచి ఒక్క ఏడు కూడా తప్పలేదు. బజారు పూలు పనికిరావు, చేత్తో పెంచినవే కావాలి.

ఆ పుష్యమాసంలో కూతురి పురిటికని బళ్ళారికి బయల్దేరుతూ అవ్వ నన్ను పెరట్లోకి పిలిచింది.

"శీనప్పా, ఈ మల్లెచెట్టు సూడు. కొమ్మలు కత్తిరించినా, ఆకంతా దూసేసినా. రథసప్తమి దాకా దీనికి సుక్క నీళ్ళు పోయొద్దు."

"చుక్క కూడానా అవ్వా?"

"సుక్కంటే సుక్కే. వాన పడితే పోయి గొడుగు పట్టు."

"మరి కనకాంబరానికి?"

"దానికి దినామూ ఒగ సెంబు నీళ్ళు. నీడలోంచి కదిలించొద్దు. ఎండ తగిలితే మాడిపోతాది."

"ఒకదానికట్లా, ఇంగొకదానికిట్లా ఎందుకవ్వా?"

"బస్సుకు పొద్దు పోతాంది. చెప్పింది చెయ్యప్పా."

ఆ ఒక్క కారణం చెప్పి బస్సెక్కి ఉంటే నేనీ రోజు ఇది రాయాల్సిన పనిలేదు.

రెండు రోజులు బుద్ధిగానే ఉన్నాను. మూడోరోజు చూస్తే మల్లె పాదు బీటలు వారి ఉంది. ఒంటి మీద ఆకు లేదు, నోట్లో తడి లేదు. పక్కనే కనకాంబరం, నీడన కూర్చుని రోజూ చెంబెడు నీళ్ళు తాగుతోంది. ఒకే ఇంట్లో ఒక బిడ్డకు పెరుగన్నం, ఇంకో బిడ్డకు పస్తు. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి పెరిగినవాణ్ణి, దప్పికతో ఉన్నదాన్ని చూస్తూ ఊరుకోవడం మా సీమవాళ్ళకు చేతకాదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మల్లె అడగలేదు. అయినా నేను పోశాను.

ఒక చెంబుతో ఆగితే నేనెందుకవుతాను? ఆఫీసులో మిగిలిన పైపు ముక్క తెచ్చి డ్రిప్పు బిగించాను. నూనె తీసిన వేరుశనగ చెక్క నానబెట్టి, అది బాగా పులిశాక పాదులో పోశాను. పక్కింటి జైనబీ అక్క గోడ మీదుగా తల పెట్టింది.

"శీనా, ఈ కంపు యాడిదప్పా?"

"మల్లెకు బలం అక్కా."

ఆమె ఇంకేమీ వినకుండా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్ళి, మా వైపు కిటికీ మూసేసింది. నెలన్నర దాకా మళ్ళీ తెరవలేదు. ఊళ్ళో నాకు బుద్ధి చెప్పగల ఒకే ఒక్క మనిషిని అలా తరిమేశాను.

తర్వాత కనకాంబరం వంతు. "సుఖానికి మరిగావు, నీకూ కాస్త కష్టం తెలియాలి," అని కుండీ ఎత్తుకెళ్ళి మిద్దె మీద నడి ఎండలో పెట్టాను. రోజూ పోసే నీళ్ళను మూడు రోజులకొకసారి చేశాను. ఆకులు రాలడం మొదలైంది. మల్లెకు అవ్వ పనిగట్టుకుని చేసింది ఇది తనంతట తానే చేసుకుంటోందని ముచ్చటపడ్డాను.

ఒకరోజు సాయంత్రం అవ్వ ఫోన్ చేసింది.

"మల్లెచెట్టు ఎండిందా?"

నేనప్పుడు మిద్దె మీద కనకాంబరం పక్కనే నిలబడి ఉన్నాను. అబద్ధమాడటం నాకు ఇష్టముండదు. అందుకని కనకాంబరం వైపు చూస్తూ, "బాగా ఎండిందవ్వా," అన్నాను.

"కనకాంబరం పచ్చగుండాదా?"

పిట్టగోడ మీంచి వంగి మల్లెను చూశాను. "సూడ్డానికి రెండు కండ్లు చాలవవ్వా."

"మంచోడివి నాయనా. సామి నిన్ను సల్లగా సూడాల."

మాఘం వెళ్ళేసరికి మల్లె గోడ దాటింది. మేకల మందకు పండగ చేయొచ్చు, అంత ఆకు. మొగ్గ మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. అవ్వ ఎల్లుండి వస్తున్నానంది. వెళ్ళి జైనబీ అక్క కిటికీ కొట్టాను.

"అక్కా, మల్లె ఇంత పచ్చగుండాది, మొగ్గ ఎందుకు పడలా?"

"సలికాలంలో నీళ్ళు పోస్తివా ఏంది?"

"డ్రిప్పు పెట్టినా."

ఆమె కిటికీ ఊచలు పట్టుకుని నవ్వింది. "మల్లెను ఎండగట్టి, ఆకు దూసి, ఆకలి పెట్టి, ఆమీట నీళ్ళిస్తేనే మొగ్గ. కడుపు నిండిన మల్లె ఆకులే ఏస్తాది. కనకాంబరం అట్ల కాదు. ఏడాది పొడుగూ పూస్తాది, దానికి నీడా తడీ తప్పకూడదు. అవునూ, అది యాడ?"

"మిద్దె మింద."

"ఎండలోనా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. మొక్కై ఎండనిది మానై పూయదని తెలిసేసరికి, ఎండకూడనిది కాస్తా ఎండిపోయింది.

పూలబజారుకు పరిగెత్తి నాలుగు మూరల మల్లెలు, రెండు మూరల కనకాంబరాలు తెచ్చాను. అవ్వ వచ్చే రోజు పొద్దున్నే ఆ మూరల్ని ముక్కలు చేసి మల్లె కొమ్మల్లో అక్కడక్కడా ఇరికించాను. కుండీని కిందికి దించి ఎండుపుల్లలకు కనకాంబరాలు చుట్టాను. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటే నాకే నమ్మబుద్ధేసింది.

అవ్వ సంచీ కూడా దించకుండా పెరట్లోకి వచ్చింది. మల్లెను చూసి మొహం వెలిగింది. ఒక పువ్వు కోయబోయింది. చేతిలోకి జానెడు మాల వచ్చింది.

"శీనప్పా."

"అవ్వా."

"మా చెట్టు ఈ యేడు కట్టిన పూలే పూస్తాంది. అరటినార కూడా అదే తెచ్చుకున్నెట్టుండాది."

అవ్వ కనకాంబరాన్ని ముట్టుకుంది. పుల్ల పటుక్కుమని విరిగి చేతికొచ్చింది. అది పట్టుకుని అలాగే బట్టలుతికే బండ మీద కూలబడింది.

"ఇన్నేండ్లలో సామి దగ్గరికి ఒట్టి సేతుల్తో పోలేదప్పా," అంది మెల్లగా. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

"గది ఖాళీ చేసి పోతానవ్వా."

"యాడికి పోతావు?" అవ్వ తలెత్తి నన్ను కిందినుంచి పైదాకా చూసింది. చూపు పైననే ఆగిపోయింది. "సామికి సేత్తో పెంచిందే ఇయ్యాల. ఈ ఇంట్లో ఈ యేడు శ్రద్ధగా పెరిగింది నీ జుట్టొగటే."

తిరునాళ్ళనాడు తెల్లారి బస్సెక్కినప్పటి నుంచి అహోబిలంలో మంగలి ముందు కూర్చునే దాకా అవ్వ నన్ను చుక్క నీళ్ళు ముట్టనివ్వలేదు. నా అలలన్నీ ఒకటొకటిగా ఒళ్ళో పడ్డాయి. అంతా అయ్యాక అవ్వ నున్నటి నా గుండును ఒకసారి తడిమి, నీళ్ళ సీసా మూత తీసి చేతికిచ్చింది.

"ఇంగ తాగప్పా. ఆకు దూసేసినాం కదా. ఎండాకాలానికి నువ్వన్నా పూస్తావేమో సూద్దాం."

అక్కడికక్కడే నరసింహస్వామి సాక్షిగా, గుండు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. అడగని మొక్కకు నీళ్ళు పోయను. పోయొద్దన్న మొక్క కాళ్ళు పట్టుకుని అడిగినా పోయను. ఈనాటికీ మాట తప్పలేదు. ఏటా పుష్యమాసంలో అవ్వ మల్లె ఆకును నా చేతే దూయిస్తుంది. కుడిచేత్తో దూస్తాను. ఎడమచేత్తో నా జుట్టు గట్టిగా పట్టుకుని ఉంటాను.